వెరిఫికేషన్ వాళ్ళు వస్తారని

ముందుగా ఒక మాట. లేని అనుభవాన్ని బయోడేటాలో రాయించుకున్న వాళ్ళందరికీ జబ్బు చేయలేదు. నాతోపాటు అమీర్‌పేటలో ఆ పని చేసిన చాలామంది ఇప్పుడు హాయిగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తారు. కాబట్టి ఇది నీతికథ కాదు. జబ్బు నాలో ఎప్పటినుంచో పొంచి ఉందనీ, ఏదో ఒక సాకుతో ఎప్పటికైనా బయటపడేదేననీ డాక్టరు గారు చెప్పారు. నాకు దొరికిన సాకు అది, అంతే.

అంతా జరిగి రెండేళ్ళు కావస్తోంది. పంజగుట్ట మీదుగా వెళ్ళే బస్సెక్కితే ఇప్పటికీ నా అరచేతులు చెమర్చుతాయి. కాగితం మీద పెడితే కాస్త తగ్గుతుందేమోనని రాస్తున్నాను. ఇంకొకటి, మీ ఇంట్లో ఎవరైనా ఫోను మోగితే ఉలిక్కిపడుతూ, తలుపు సందులోంచి వీధిలోకి చూస్తూ ఉంటే, ఉద్యోగం టెన్షన్లే అని వదిలేయకండి. మా ఇంట్లో వదిలేశారు. వాళ్ళ తప్పు కాదు, నేను దూరంగా ఉన్నాను.

జనవరి నుంచి మే వరకు

నేను తణుకులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. భార్య పద్మ, నాలుగేళ్ళ కూతురు లహరి. నా క్లాసులో సమీకరణం తుల్యం చేయడం రాక ఏడ్చిన పిల్లలు హైదరాబాదు నుంచి సొంత కార్లలో వచ్చి "ఇంకా ఇక్కడే ఉన్నారా సార్?" అని ఆప్యాయంగానే అడిగేవారు. ఆ ఆప్యాయతే నన్ను తినేసింది. పద్మ ఏనాడూ ఇది చాలదు అనలేదు. అన్నది నేనే. రెండు వేల ఆరు జనవరిలో వాళ్ళిద్దరినీ పద్మ అన్నయ్య శ్రీనివాస్ ఇంట్లో ఉంచి, రైలెక్కి వచ్చేశాను.

ఎస్.ఆర్. నగర్‌లో నలుగురుండే హాస్టల్ గదిలో ఒక మంచం, మైత్రీవనం దగ్గర సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టూల్స్ కోర్సు. నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ మధ్య ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకునేవాణ్ణి. వాళ్ళు నన్ను అంకుల్ అనకుండా అన్నా అని పిలిచినందుకు లోలోపల ఎంత సంతోషించానో చెబితే నవ్వుతారు.

కోర్సయ్యాక ఉద్యోగాలు చూపించే ఒక కన్సల్టెన్సీ. అక్కడి మనిషి నా బయోడేటా చూసి పెదవి విరిచాడు. "కెమిస్ట్రీ లెక్చరర్ అని పెడితే ఎవడు పిలుస్తడన్నా?" అన్నాడు. ఆఖరి మూడేళ్ళ లెక్చరర్ పని తీసేసి, బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ ఇంజనీర్‌గా చేసినట్టు రాశాడు. ఇంటి చిరునామా కూడా బెంగుళూరుదే పెట్టాడు. వివాహం అన్న చోట కాలేదు అని రాశాడు. ఎక్కడికి పంపినా వెళ్తాడనుకుంటారట. ఎవరైనా ఆరా తీస్తే చేయడానికి ఒక ఫోను నంబరు ఇచ్చాడు. దానికి ఎవరు చేసినా ఒక ఆడమనిషి ఎత్తి, అవునండీ, మా దగ్గరే పనిచేశారు అంటుంది. రికార్డులో రీడింగులు కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషిని, వారం రోజులు కూర్చుని ఆ లేని ఆఫీసు ఎన్నో అంతస్తులో ఉందో, అక్కడి మేనేజరు పేరేమిటో బట్టీ పట్టాను.

మే నెలలో బేగంపేట వైపు ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పద్మకి ఫోను చేస్తే అవతల లహరి గంతులేస్తున్న చప్పుడు వినిపించింది.

జూలై

చేరిన ఏడో వారంలో ఆఫీసు నుంచి ఒక మెయిల్. కొత్తవాళ్ళ వివరాలన్నీ ఒక బయటి సంస్థ సరిచూస్తుంది, సహకరించండి అని. అందరికీ వచ్చిన మెయిలే. పక్క సీటు అమ్మాయి చదివి, మూసేసి, టిఫిన్‌కి వెళ్ళిపోయింది. నేను ఆ రోజు దాన్ని ఎన్నిసార్లు తెరిచానో నాకే తెలియదు.

మొదట్లో అది మామూలు భయమే. దొరికిపోతాను, ఉద్యోగం పోతుంది, తణుకులో తలెత్తుకోలేను అని. కానీ పది రోజుల్లో అది నా చెయ్యి దాటిపోయింది. మెస్‌లో వడ్డించే ఆయన "ఏ ఊరండీ మీది?" అన్నాడు. ఆయన అందరినీ అడుగుతాడు. నేను బెంగుళూరు అని చెప్పి, అన్నం కలిపిన కంచం వదిలేసి లేచిపోయాను. జిరాక్స్ షాపువాడు నా కాగితాన్ని ఒక్క క్షణం ఎక్కువసేపు చూశాడనిపించింది. బస్టాపులో మెడలో ట్యాగులున్న ఇద్దరు నవ్వుకుంటే అది నా గురించే అనుకున్నాను. అమీర్‌పేటలో మెడలో ట్యాగు లేని వాళ్ళు తక్కువ. నాకు ప్రతి ట్యాగూ ఆ వెరిఫికేషన్ సంస్థదే.

తర్వాత మాటలు వినిపించడం మొదలైంది. ఎవరో నా బయోడేటాను వరసగా చదువుతూ, ఒక్కో లైను దగ్గర ఆగి, ఇది నిజమా, ఇది నిజమా అని అడుగుతున్నట్టు. ఆ గొంతు క్లాసులో హాజరు పిలిచేటప్పటి నా గొంతులాగే ఉండేది. అందుకే దాన్ని నమ్మాను.

పద్మ రోజూ ఫోను చేసేది. "తిన్నారా? ఎందుకంత మెల్లగా మాట్లాడుతున్నారు? ఒంట్లో బాగుందా?" అనేది. నేను ఫోనెత్తితే పెళ్ళి కాలేదన్న లైను అబద్ధమని వెరిఫికేషన్ వాళ్ళకి తెలిసిపోతుంది. తెలిస్తే తణుకు వెళ్తారు. లహరిని అడుగుతారు. అది నాన్న పేరు అడగ్గానే ముద్దుగా చెప్పేస్తుంది. రోజంతా ఇదే ఆలోచన. ఒకరోజు బల్కంపేట రోడ్డులో నడుస్తూ ఫోను తెరిచి, సిమ్ము తీసి కాలవలో పడేశాను. ఆ పని చేశాక, ఇంక పద్మకీ లహరికీ ఏమీ కాదులే అని గుండె కాస్త కుదుటపడింది. అది బాగా గుర్తుంది.

ఆగస్టు, సెప్టెంబరు

ఆఫీసు మానేశాను. హాస్టల్ ఓనరు నన్ను పక్కకి పిలిచి, "భాస్కర్ గారూ, మీ రూమ్మేట్లు భయపడుతున్నారండీ. ఏమనుకోకండి, కొన్నాళ్ళు ఇంటికెళ్ళి రండి" అన్నాడు. చెడ్డవాడు కాదు. నా సూట్‌కేసు గేటుదాకా తనే మోసుకొచ్చాడు. నేను దాన్ని అక్కడే వదిలేసి, సర్టిఫికెట్లూ బయోడేటా ఉన్న ప్లాస్టిక్ ఫైలు మాత్రం పట్టుకుని నడిచాను.

నేను రోడ్డున పడ్డానని చాలా రోజులు ఎవరికీ తెలియలేదు. ఫుల్‌షర్టు, మెడలో ట్యాగు, చేతిలో ఫైలు. అమీర్‌పేటలో అలా నిలబడ్డ మనిషిని ఎందుకు నిలబడ్డావని ఎవరూ అడగరు. ఇంటర్వ్యూకి వచ్చాడనుకుంటారు. ఒక కుర్రాడు నా చేతిలో డాట్‌నెట్ కోర్సు కరపత్రం కూడా పెట్టాడు. వానలకి చొక్కా రంగు వెలిసి, గడ్డం పెరిగి, కంపు కొట్టడం మొదలయ్యాక జనం తప్పుకుని నడవసాగారు. అప్పటికి పంజగుట్టలో మూతపడిన ఒక షోరూము మెట్ల దగ్గర చేరాను.

అక్కడి భయాలు వేరే. కుక్కలు, పోలీసు వ్యాను, నా ఫైలు లాక్కోవడానికి నన్ను కొట్టిన ఒక తాగుబోతు. మిర్చిబండి ఆవిడ మిగిలిన బజ్జీలు కాగితంలో పెట్టి, దగ్గరికి రాకుండా మెట్టు మీద పెట్టి వెళ్ళేది. నేను తన వంక చూడనని గ్రహించి, తనూ చూడటం మానేసింది. ఆవిడ పేరు ఇప్పటికీ తెలియదు.

తర్వాత తెలిసింది, అప్పటికే పద్మా శ్రీనివాసూ హాస్టల్‌కొచ్చి, పోలీసు కంప్లెయింటిచ్చి, నా ఫొటోతో కాగితాలు అంటించి వెళ్ళారని. ఆ కాగితం నేను చూశాను. కరెంటు స్తంభం మీద ఉంది. నా ఫొటో కింద "భార్య, కూతురు ఎదురుచూస్తున్నారు" అని రాసి ఉంది. పెళ్ళి కాలేదని నేను చెబుతుంటే ఇంత రోడ్డు మీద ఇలా అంటిస్తే ఎలా? గోళ్ళతో గీకి దాన్ని చింపేశాను. అక్కణ్ణుంచి అమీర్‌పేట దాకా ఎన్ని స్తంభాలు దొరికితే అన్నీ వెతికి చింపాను. వేళ్ళ చివర్ల నుంచి రక్తం కారింది. నన్ను వెతకడానికి ఉన్న ఒక్క దారినీ నేనే అలా మూసేశాను.

అక్టోబరు, నవంబరు

యాదమ్మ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. రోడ్ల మీద తిరిగే మతిచెడిన వాళ్ళ కోసం నడిచే ఒక చిన్న సంస్థలో కేసు వర్కరు. ఆ రోడ్డు పొడుగునా నాలాంటి వాళ్ళు ఆమెకి చాలామంది ఉండేవారు. మొదటిరోజు రెండు బారల దూరంలో మెట్టు మీద కూర్చుని, "ఏం సారూ, చాయ్ తాగుతవా?" అంది. చాయ్ గ్లాసు మధ్యలో పెట్టింది. "నేనేం అడుగ. జర కాళ్ళు నొస్తున్నయ్, కూసున్న" అని, కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. వారం రోజులు అలాగే చేసింది. వాళ్ళ పద్ధతి అది. ముందు మనిషి అలవాటు కావాలి, ప్రశ్నలు తర్వాత.

రెండో వారంలో ఆమె సంచిలోంచి ఒక ఫైలు తీసింది. పేరు, ఊరు, పని, ఇంట్లో వాళ్ళు. ఆ వరస చూడగానే నాకు అర్థమైపోయింది. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన వెరిఫికేషన్ మనిషి ఈమే. లేచి నిలబడ్డాను. చొక్కా సర్దుకున్నాను. బెంగుళూరు కంపెనీ, మూడేళ్ళు, నాలుగో అంతస్తు, మేనేజరు పేరు, అంతా తడుముకోకుండా చెప్పాను. పెళ్ళి కాలేదన్నాను. బయోడేటా తీసి చేతిలో పెట్టాను. ఆమె పాపం శ్రద్ధగా రాసుకుంది.

వాళ్ళ డాక్టరు వారానికోసారి వచ్చి చూసి మాత్రలు రాశాడు. యాదమ్మ దాపరికం లేకుండా, "ఇది నిద్రకు, గిది భయానికి. నా ముంగట మింగాలె" అని చెప్పింది. మింగకపోతే అనుమానం వస్తుందని మింగాను. మందు పనిచేసిందంటే నా భయం పుణ్యమే అనాలి.

కొంచెం నిద్ర పట్టసాగింది. సరిగ్గా అప్పుడు ఒకరోజు యాదమ్మ మొహమంతా నవ్వుతో వచ్చింది. "బెంగుళూర్‌కు ఫోన్ జేసిన సారూ! మీ ఆఫీసోళ్ళు నిన్ను మస్తు మెచ్చుకున్నరు. మూడేండ్లు మంచిగ జేసిండన్నరు. ఇగ మీవోళ్ళు దొరికినట్టే!" అంది. కన్సల్టెన్సీవాడు పెట్టించిన ఆడమనిషి నిక్కచ్చిగా తన పని తను చేసింది. ఇంకెవరైనా అయితే సంతోషిస్తారు. నాకు మాత్రం వేరేలా అర్థమైంది. ఫోను వెళ్ళింది. అంటే విచారణ మొదలైంది. తరవాతి మెట్టు తణుకే.

ఆమె చాయ్ తేవడానికి వెళ్ళగానే పారిపోయాను. లక్డీకాపూల్ దాకా నడిచాను. అక్కడ ఆఫీసుల గోడల పక్కన, హోటళ్ళ వెనక నాలుగైదు రోజులో, ఇంకా ఎక్కువో గడిపాను. మాత్రలు లేవు. హాజరు పిలిచే గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి లహరి పేరు పిలిచేది. పిలిచి, ఎవరూ పలకకపోతే, ఆబ్సెంట్ అనేది. అంతటి భయం నేను అంతకుముందు ఎరగను, ఆ తర్వాత ఎరగను. బస్సుల కిందికి వెళ్ళిపోదామని రెండుసార్లు రోడ్డు అంచుదాకా వెళ్ళాను. రెండుసార్లూ ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగి తిట్టారు. వాళ్ళెవరో తెలియదు.

యాదమ్మ నన్ను అక్కడే వెతికి పట్టుకుంది. తిట్టలేదు. అదే రెండు బారల దూరంలో కూర్చుంది. "నా తప్పే సారూ. ఫోన్ ముచ్చట నీకు జెప్పకుంట ఉండేదుండె. దా పోదాం" అంది. ఆమె చెప్పుల్లో ఒకటి తెగి, పిన్నీసుతో కుట్టి ఉంది. అది చూసి లేచాను.

ఆ తర్వాత ఆమె మళ్ళీ ఏమీ అడగలేదు, కానీ ఆమెకి అనుమానం వచ్చేసింది. బెంగుళూరులో వాళ్ళ సంస్థకి తెలిసినవాళ్ళు నా చిరునామాకి వెళ్తే అక్కడ సైకిల్ షాపుందట. ఫోనులో మాట్లాడిన ఆ ఆఫీసు ఊళ్ళోనే లేదు. ఇంకొకటి, నేను ఇటుక ముక్కతో షోరూము గోడ మీద సమీకరణాలు రాసేవాణ్ణి. అది చూసి పిచ్చిరాతలనుకున్నవాళ్ళే అందరూ. యాదమ్మ రాతని కాదు, చేతుల్ని చూసింది. ఒక లైను రాసినప్పుడల్లా నేను రెండు చేతులూ టపటపా దులుపుకునేవాణ్ణట. "కంప్యూటర్ల పనిజేసేటోడు చేతులు దులుపుకుంటడా? గిది సుద్దముక్క అలవాటు. పంతులే అనుకున్న" అని తర్వాత చెప్పింది.

ఒకరోజు ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం పట్టుకొచ్చింది. పాతది, అట్ట చిరిగింది. "సారూ, నా బిడ్డ గిండ్ల ఫెయిలైంది. గీ లెక్క ఎవలకు సమజైత లేదు. జర జెప్తవా, నేను పోయి దానికి జెప్త" అంది. ఆక్సీకరణ సంఖ్యల పాఠం. పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. మొదలుపెట్టి, రెండో పేజీకి వచ్చేసరికి నన్ను నేను మర్చిపోయాను. "ఇక్కడ జాగ్రత్త. మా తణుకులో పిల్లలందరూ సరిగ్గా ఇక్కడే తప్పు చేస్తారు" అన్నాను.

అని, ఆగిపోయాను. యాదమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. "మంచిగ జెప్పినవ్ సారూ" అని పుస్తకం మూసింది. ఆమెకి అసలు బిడ్డే లేదని చాలా రోజుల తర్వాత తనే చెప్పింది. ఆ పుస్తకం పాత పుస్తకాల బండి మీద కొన్నదట.

డిసెంబరు

తణుకు కాలేజీలకి ఫోన్లు చేస్తే పద్మ దొరకడానికి రెండు రోజులే పట్టింది.

ఆ సంగతి నాకు చెప్పలేదు. డాక్టరు దగ్గరికి పోదామని యాదమ్మ నన్ను ఆటోలో ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. హాలు నిండా జనం. ఎవరి పక్కన ఎవరు జబ్బుమనిషో, ఎవరు తోడొచ్చారో చూస్తే తెలియదు, అందరి మొహాలూ ఒకలాగే ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నాను. గేటు వైపు నుంచి పద్మా, వెనక శ్రీనివాసూ వచ్చారు. పద్మ సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి మొదట దాటిపోయింది. వెనక్కి తిరిగి, నా కాళ్ళు చూసి ఆగింది. "ఏవండీ" అంది.

నేను యాదమ్మ వైపు తిరిగి, "ఈవిడెవరో నాకు తెలియదు. నాకు పెళ్ళి కాలేదు. ఫైల్లో చూసుకోండి" అన్నాను.

శ్రీనివాస్ జేబులోంచి పెళ్ళిఫొటో తీసి నా మొహం ముందు పెట్టాడు. "ఏంటి బావా ఇది? ఇదెవరు మరి? నువ్వు కాదా?" అన్నాడు. "ఫొటోలు, సర్టిఫికెట్లు ఎలా తయారవుతాయో నాకు తెలుసు" అన్నాను. ఆయన మొహం నల్లబడిపోయింది. నాలుగు నెలలు రోడ్లన్నీ తిరిగిన మనిషి. "వాడే ఎవరో తెలీదంటుంటే మనకెందుకే? పద పోదాం. ఊళ్ళో అడిగితే బెంగుళూరులో ఉన్నాడని చెబుదాం" అని చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. యాదమ్మ అడ్డం వచ్చి, "అన్నా, గా మాట ఆయనది గాదు, బీమారిది. జర ఓపిక పట్టు" అని బతిమాలింది.

పద్మ చెయ్యి విడిపించుకుని వచ్చి అదే బెంచీ మీద, అవతలి చివర కూర్చుంది. మా మధ్య ఒక ముసలాయన, ఆయన సంచీ. రెండు గంటలు అలాగే కూర్చున్నాం. నేను తల తిప్పలేదు. నా పేరు పిలిచినప్పుడు నాతోపాటు తనూ లేచింది. అక్కడి కాగితాల మీద భార్య అన్న చోట సంతకం పెట్టింది. ఆ రోజే నన్ను చేర్చుకున్నారు.

వార్డు గురించి ఎక్కువ రాయను. మంచివాళ్ళున్నారు, అరుపులున్నాయి, పొద్దున్నే వేడి గంజి ఉంది. పద్మ ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో మంచం తీసుకుని, రోజూ వచ్చి నాకెదురుగా కూర్చునేది. నేను ఆవిణ్ణి మీరు అనేవాణ్ణి. మాత్ర ఆవిడ చేత్తో ఇస్తే తీసుకునేవాణ్ణి కాదు, యాదమ్మ వచ్చి ఇవ్వాల్సిందే. మూడో వారమో నాలుగో వారమో, ఒక మధ్యాహ్నం, "లహరి స్కూలుకి వెళ్తోందా?" అని అడిగాను. పద్మ బొట్టు చెదిరిపోయేలా ఏడ్చింది. పరిగెత్తుకెళ్ళి నర్సుకి చెప్పింది, ఆయనకి జ్ఞాపకం వచ్చేసిందండీ అని.

ఆ తర్వాత

ఫిబ్రవరిలో బయటికి వచ్చాను. సనత్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్ తీసుకున్నాం. ఒక ట్యుటోరియల్‌లో కెమిస్ట్రీ చెబుతున్నాను. నా బయోడేటా నేనే రాసుకున్నాను, ఒక పేజీ కూడా నిండలేదు. మాత్రలు రోజూ ఉన్నాయి. మానేయమని సలహా ఇచ్చేవాళ్ళు చుట్టాల్లో చాలామంది ఉన్నారు. శ్రీనివాస్ మాత్రం ఫోను చేసినప్పుడల్లా, "మాత్ర వేసుకున్నావా బావా?" అనే మొదలుపెడతాడు.

పద్మ అందరికీ ఒక్కటే చెప్పేది. "ఆ జబ్బులో మనుషులు గుర్తుండరండీ. పాపం నన్ను కూడా పోల్చుకోలేకపోయారు." అలా చెప్పుకుని ఆ రోజుని దాటింది. నేను ఊఁ అనేవాణ్ణి.

పోయిన నెలలో యాదమ్మ మా ఇంటికి వచ్చింది. కోలుకున్నాక కూడా నెలకోసారి వచ్చి చూసి వెళ్ళడం వాళ్ళ పనే. ఇంక అక్కర్లేదనుకున్నప్పుడు ఫైలు మూసేస్తారు. మూసేముందు ఒక నియమం ఉంది. ఫైలు ఎవరిదో వాళ్ళు మొదటినుంచి చివరిదాకా చదవాలి. తప్పులుంటే సరిదిద్దాలి. ప్రతి పేజీ కింద సంతకం పెట్టాలి. "తప్పుంటే కొట్టేసి పక్కకు రాయి సారూ. నా ఇజ్జత్ ఏం బోదు. నువ్వు రోడ్డు మీదున్నప్పుడు నీ గురించి అందరూ రాసిన్రు, ఇప్పుడు నువ్వు రాయాలె" అంది.

లహరి స్కూల్లో ఉంది. పద్మ వంటింట్లో ఉంది. నేను చదువుతూ, నవ్వుకుంటూ, బెంగుళూరు అన్నీ కొట్టేసి తణుకు రాసుకుంటూ వచ్చాను. డిసెంబరు పేజీ వచ్చింది. యాదమ్మ చేతిరాతలో ఒక లైను: "భార్యను గుర్తుపట్టలేదు."

కలం ఆగిపోయింది. ఆ లైను తప్పు. పద్మ గేటు దాటుతుండగానే గుర్తుపట్టాను. నడక బట్టే గుర్తుపట్టాను. నాకు పరిచయంలేని పచ్చచీర కట్టుకుంది, చెవికి దుద్దులు లేవు, అదీ చూశాను. తెలుసని ఒప్పుకుంటే వెరిఫికేషన్ వాళ్ళు ఆవిణ్ణీ లహరినీ పట్టుకుంటారని భయపడి తెలియదన్నాను. రెండు గంటలు ఆ ముసలాయన అవతల తను ఊపిరి పీల్చడం నాకు వినిపిస్తూనే ఉంది. వార్డులో ఆ మూడు వారాలూ తెలిసే మీరు అన్నాను. ఇది డాక్టరుకి చెప్పలేదు. పద్మకి అసలే చెప్పలేదు. జబ్బుతో మర్చిపోతే క్షమిస్తుంది. తెలిసి ఆ హాల్లో, అన్న ముందు, అంతమందిలో ఎవరో తెలియదంటే ఏ ఆడది క్షమిస్తుంది? చెబితే ఏమవుతుందో అని చచ్చేంత భయం. అలాగని ఆ లైను కింద సంతకం పెడితే నేను మళ్ళీ ఒక దొంగ కాగితం తయారుచేసినట్టే.

అరచేతులు చెమటపట్టి కాగితం అంటుకుంటోంది. "ఏమైంది సారూ?" అంది యాదమ్మ. ఆ లైను కొట్టేశాను. పక్కన రాశాను: "గుర్తుపట్టాడు. భయపడి తెలియదన్నాడు."

యాదమ్మ చదివి నా వంక చూసింది. వంటింటి వైపు చూసింది. "గిది నేను జెప్పేది గాదు సారూ" అని మెల్లగా అంది. నేనే పద్మని పిలిచాను. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఫైలు ఇచ్చాను. నిలబడి చదివింది. మళ్ళీ చదివింది. కుర్చీ వెనక పట్టుకుంది.

"అప్పుడే తెలుసా మీకు?"

"గేటు దగ్గరే తెలుసు."

"బెంచీ మీద కూర్చున్నప్పుడూ?"

"తెలుసు. వార్డులో కూడా తెలుసు. నన్ను..."

క్షమించు అనబోయాను. పద్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. అంతా అయిపోయిందనుకున్నాను. యాదమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతోంది. చాలాసేపటికి పద్మ కొంగు తీసి నా వంక చూసింది.

"ఏడాదిన్నర నుంచీ పొద్దున్నే మీరు లేచి నా మొహం చూసేదాకా నాకు గుండె దడేనండీ. ఈ రోజు నేనెవరో తెలుస్తుందో లేదో, మళ్ళీ నన్ను ఎవరో అంటారేమో అని. రోజూ. ఎవరికీ చెప్పలేదు." ముక్కు తుడుచుకుంది. "అయితే నన్ను మర్చిపోలేదన్నమాట. ఒక్క రోజు కూడా మర్చిపోలేదన్నమాట."

మర్చిపోలేదన్నట్టు నేను తల అడ్డంగా ఊపాను.

"అంత భయంలో కూడా..." అని ఆగి, ఫైలు నా ముందుకి జరిపింది. "ఈసారి భయమేస్తే తెలీదనకండి. వెళ్ళిపో అనండి. నేను వెళ్ళను."